ఇంకొకటి వడ్డించనా, గొర్రెపిల్లా?

రీగా,
అక్టోబరు 9

అన్నయ్యకి,

ఏళ్ల తరబడి నేను మోస్తున్న ప్రశ్న ఒకటుంది. ఎదురుగా ఉన్నప్పుడు అడిగితే నవ్వుతావని అడగలేదు. ఇరవై ఒకటి ఆడేటప్పుడు చేతిలో పదహారు పడితే అమ్మ ఆగేదా, ఇంకో ముక్క అడిగేదా?

ఇదేం ప్రశ్న అనుకోకు. పదహారంత పాడు చెయ్యి పేకాటలో లేదని నువ్వే చెప్పేవాడివి. ఇంకొకటి అడిగితే ఇరవై ఒకటి దాటిపోతాం, అడక్కపోతే పంచేవాళ్ళు మనల్ని దాటిపోతారు. నా జ్ఞాపకంలో వంటింటి బల్ల ఉంది, పందెం కాసే ఎండు బఠానీల గిన్నె ఉంది, అమ్మ ముక్కలు బోర్లించి "నేను ఆగాను" అంటోంది. ఏ విషయం తేల్చుకోవాల్సి వచ్చినా నాకు ఆ బల్లే కళ్ళ ముందుకొస్తుంది. అమ్మ పోయి ఏడాది దాటింది. అడగడానికి ఇక నువ్వొక్కడివే ఉన్నావు.

ఏప్రిల్లో నువ్వు నిషేధ పట్టీలో పేరు రాయించుకుని, దేశంలో ఏ జూదం సైటూ నిన్ను గడప తొక్కనివ్వకుండా చేసుకున్నావని, ఫోను గుడ్రున్ వదిన చేతిలో పెట్టేశావని విన్నాక, ఉత్తరాలు రాసుకుందాం అన్నది నేనే. బల్లకట్టు నడిపేవాడివి, రేవులో కార్ల కోసం కాచుక్కూర్చున్నంతసేపూ నీ వేళ్ళకి ఏదో ఒక పని ఉండాలిగా. బ్లాక్‌జాక్ అని ఫోనులో ఆడే ఆ ఇరవై ఒకటి నీకు అంటుకున్నది ఆ ఖాళీలోనే కదా.

నా పని మామూలే. ఈ పరాయి దేశంలో నా దగ్గరికి మన స్వీడిష్ నేర్చుకోడానికి వచ్చేవాళ్ళలో చాలామంది ఆఖరికి ఆ పేకాట స్టూడియోలకే పోతారు. నీకు తెలియంది కాదు. వీళ్ళు ఇక్కడ కెమెరా ముందు ముక్కలు పంచుతుంటారు, అక్కడెక్కడో సోఫాలో కూర్చున్నవాడు ఫోనులో ఆడుతుంటాడు. నిరుడు క్లాసులో ఒకసారి నోరు జారాను. "ఇంత కష్టపడి భాష నేర్చుకుని ఆ గాజుపెట్టెలోకా మీరు పోయేది" అనేశాను. అప్పట్నుంచి నా ముందు ఎవరూ ఆ ఊసెత్తరు.

మర్యాదగా వడ్డించే పాఠంలో అమ్మ మాట ఒకటి పెట్టాను. "ఇంకొకటి వడ్డించనా, గొర్రెపిల్లా?" జెల్మా అని ఒక అమ్మాయి ఉంది, చురుకైంది, అచ్చం అమ్మలాగే చివర కాస్త సాగదీసి అంటుంది. మన దీవిలో పళ్ళూడిన పొట్టేలు కూడా గొర్రెపిల్లేనని, తక్కిన దేశంలో ఎవరూ అలా అనరని వాళ్ళకి చెప్పలేదు. చెప్పాలేమో. చెబితే ఆ మాట మళ్ళీ నా ఒక్కదానిదే అయిపోతుంది.

ఫిబ్రవరిలో నా పుట్టినరోజుకి ఓడెక్కి వస్తానన్నావు, గుర్తుంచుకో.

నీ చెల్లెలు
హెడ్విగ్


ఫోరోసుంద్ రేవు,
అక్టోబరు 21

చెల్లీ,

అమ్మ ఆగడమా? కలగన్నావా? పదహారు మీద అమ్మ ఏనాడూ ఆగలేదు. ఇంకొకటి తీసేది, దాటిపోతే బఠానీలు నీ వైపు తోసి "తిను" అనేది. చదువు ఎక్కువైతే జ్ఞాపకాలకి కూడా వ్యాకరణం దిద్దుతారేమో.

ఆగు, కార్లొచ్చాయి.

వచ్చాను. ఒక ట్రాక్టరు, పెళ్ళివారి బస్సు. పెళ్ళికొడుకు బల్లకట్టు రెయిలింగు పట్టుకుని వాంతి చేసుకున్నాడు. ఎనిమిది నిమిషాల ప్రయాణానికే ఇలా ఉంటే కాపురం ఏం చేస్తాడని వెనకాల ముసలాయన అన్నాడు.

నేను బాగున్నాను. మీ వదిన మీటల ఫోను ఒకటి కొనిపెట్టింది. దాంట్లో ఆడగలిగిందల్లా పాము ఆట. ఆ పాముని కూడా ముట్టుకోనని ఒట్టేశాను. మీ వదినే "పోన్లే, పామునైనా ఆడుకో" అంటోంది.

నీ ఉత్తరంలో ఆ వాక్యం ఉన్న చోట నేను రెండు ట్రిప్పులు నిలబడిపోయాను. ఒక్క సంగతి అడుగుతాను, ఎందుకని అడక్కు. ఆ జెల్మా బల్ల దగ్గర్నుంచి లేచేటప్పుడు చేతులతో ఏమైనా చేస్తుందా? రెండు అరచేతులూ దులిపి పైకి తిప్పి చూపిస్తుందా?

మళ్ళీ కార్లు. ఉంటాను.

రూనె


రీగా,
నవంబరు 2

అన్నయ్యకి,

చేస్తుంది.

ఎందుకని అడగొద్దన్నావు. అడక్కుండానే తెలిసిపోయింది. ఆ అమ్మాయి క్లాసు నుంచి లేచినప్పుడల్లా చేతులు దులిపి, అరచేతులు పైకి తిప్పి, అప్పుడు కుర్చీ జరుపుతుంది. నేను ఏదో నాట్యం అలవాటు అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక పక్కకి పిలిచి అడిగాను. ముఖం కందిపోయింది. "స్టూడియో అలవాటు టీచర్. చేతిలో ముక్క దాచుకోలేదని కెమెరాకి చూపించాలి. ఇంట్లో గిన్నెలు కడిగాక కూడా చేస్తున్నా" అంది. అక్కడ ఎప్పుడు చేరావంటే, ఆగస్టులో అంది.

ఆగస్టులో, అన్నయ్యా. నువ్వు మానేసింది ఏప్రిల్లో.

ఏప్రిల్లో మానేసినవాడికి ఆగస్టులో చేరిన పిల్ల చేతులు ఎలా తెలుస్తాయి? మన దేశపు సైట్లకి తాళం పడితే పరాయి దేశపు సైట్లు ఉంటాయని ఇక్కడ పాలమ్మేవాడికి కూడా తెలుసు. ఆ మీటల ఫోను, పాము ఆట, పెళ్ళికొడుకు వాంతి, ఇవన్నీ నన్ను నవ్వించి పక్కకి తప్పించడానికేనా? నేను నవ్వాను కూడా. అదే ఎక్కువ బాధగా ఉంది.

నేను పోలీసుని కాను. నిన్ను నమ్మాలా, కనిపెట్టి ఉండాలా అని అమ్మ పోయిన నాటినుంచి ఊగుతూనే ఉన్నాను. ఈ రెండు మాటలకీ సూటిగా జవాబియ్యి, చాలు. ఇంకా ఆడుతున్నావా? ఫిబ్రవరికి వస్తావా, రావా?

హెడ్విగ్


ఫోరోసుంద్,
నవంబరు 12

ఆగాను.

రూనె


రీగా,
నవంబరు 25

అన్నయ్యకి,

కార్డు అందింది. ఒక్కటే మాట. ఇంకేమీ రాయనక్కర్లేదు, అర్థమైంది.

సరే, ఆగు. నేను బతిమాలను. నీ నిర్ణయం నీది. నేను అడిగిన తీరు బాగాలేదు, ఒప్పుకుంటాను. అడిగిన మాట తప్పని మాత్రం ఒప్పుకోను.

ఇక్కడ నదిమీద నుంచి వచ్చే గాలికి కొవ్వొత్తులు నిలవడం లేదు. కోటగోడ కింద అమరుల కోసం పెట్టినవి సగం ఆరిపోయాయి. జనం మళ్ళీ మళ్ళీ వచ్చి వెలిగించిపోతున్నారు. మొండివాళ్ళు. నాకు నచ్చారు.

వదినకి నా ముద్దులు.

హెడ్విగ్


ఫోరోసుంద్,
జనవరి 8

చెల్లీ,

"సరే, ఆగు" అన్న నీ మాట చించి బల్లకట్టు గదిలో గాజు మీద అంటించాను. వచ్చేపోయే వాళ్ళందరూ అది నాకు రవాణా శాఖ ఇచ్చిన ఉత్తర్వనుకుంటున్నారు.

నీకు కోపమింకా తగ్గలేదని తెలుసు. అయినా అలా రాశావు. నాకది చాలు. ఆగస్టు సంగతి కాగితం మీద వాదించలేను, అక్షరాల్లో నువ్వే గెలుస్తావు. తర్వాత చెబుతాను.

జలసంధి అంచుల్లో మంచు కట్టింది. బల్లకట్టు దాన్ని పళ్ళతో కొరికినట్టు కొరుక్కుంటూ పోతోంది.

రూనె


రీగా,
ఫిబ్రవరి 17

చెల్లీ,

ఈ ఉత్తరం నీ తలుపు కింద తోసి పోతాను. నీ ఊళ్ళో కూర్చుని నీకే ఉత్తరం రాయడం నా రాత.

రెండు ఓడలు మారి నీ పుట్టినరోజుకి వచ్చాను. రేవులో నువ్వు లేవు. బస్సులు రాలేదేమోనని నడిచొచ్చి మూడంతస్తులెక్కి తలుపు కొట్టాను. పక్కింటావిడ నైటీ మీద కోటు వేసుకుని వచ్చి "టార్టు, టార్టు" అంది. అది నీ ముద్దుపేరనుకుని నేనూ "అవును, టార్టు" అన్నాను. ఊరి పేరని తెలిసేసరికి కొంతసేపు పట్టింది. నీ నంబరు పాత ఫోనులో ఉంది, పాత ఫోను మీ వదిన దగ్గరుంది. ఇక తెలిసిన చోటు నీ బడే.

అక్కడ చూస్తే నీ సాయంత్రం క్లాసువాళ్ళందరూ చేరి ఉన్నారు. టీచరుకి చెప్పకుండా పుట్టినరోజు చేద్దామని పందిమాంసం కూరిన బన్నులు, జున్ను, పూలు తెచ్చుకున్నారు. టీచరేమో వాళ్ళకి చెప్పకుండా ఊరెళ్ళింది. నేను మీ టీచరు అన్నయ్యనంటే, పోన్లే సగం టీచరైనా దొరికిందని నన్ను కూర్చోబెట్టారు. పాట నాకే పాడారు.

ఒక అమ్మాయి బన్నుల పళ్ళెం పట్టుకుని వరసగా వడ్డిస్తూ వచ్చింది. నేను వేరే ఎవరితోనో మాట్లాడుతున్నాను. చెవి పక్కనే అంది, "ఇంకొకటి వడ్డించనా, గొర్రెపిల్లా?"

నా నోరు నన్నడక్కుండా "ఆగాను" అనేసింది. కడుపు నిండినవాడు చాలు అంటాడు గానీ ఆగాను అంటాడా? ఆ పిల్ల చెయ్యి కూడా దాన్నడక్కుండా నా పక్కవాడి మీదికి జరిగిపోయింది, బల్లమీద జరిగినట్టే. జరిగాక ఆగింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

"మీరు ఆడేవారా?" అంది మెల్లగా.

"ఆడేవాణ్ణి."

"ఏ పేరుతో?"

"బల్లకట్టు."

పళ్ళెం కింద పెట్టేసింది. "బల్లకట్టుగారా? మీరు అంత హఠాత్తుగా మాయమయ్యారేం? చేతిలో పదహారు, నా దగ్గర పది. అడిగాను, మీరేమీ నొక్కలేదు. టైమైపోయింది. మీ నెట్ పోయిందనుకున్నాను."

చెల్లీ, నా నెట్ పోలేదు. అది కిందటి ఏప్రిల్. నీ జెల్మా ఆ స్టూడియోలో చేరింది ఆగస్టులో కాదు, అంతకుముందు జనవరిలో. నువ్వు క్లాసులో గాజుపెట్టె అన్నావు కదా. టీచరు దృష్టిలో పలచనవుతానని ఆగస్టని చెప్పిందట. నీతో చెప్పమన్నాను. చెబుతానంది.

ఆ రోజు రేవులో కార్లు లేవు. చేతిలో పదహారు. తెరమీద తెల్లచొక్కా వేసుకున్న పరాయిపిల్ల నా కళ్ళలోకి చూస్తున్నట్టు చూసి, అమ్మ మాట, అమ్మ సాగదీతతో అంది. ముక్క తీసుకునే మీట మీదికి గానీ, ఆగే మీట మీదికి గానీ నా వేలు పోలేదు. ఏమీ నొక్కకపోతే ఆట దాన్ని ఆగినట్టే లెక్కేస్తుంది. ఆగాను. ఆ మధ్యాహ్నమే పట్టీలో పేరు రాయించాను. నీకు కార్డు మీద రాసింది అదే. నువ్వు "సరే, ఆగు" అంటే ఆశీర్వదించావనుకున్నాను. నేను ఈ ప్రయాణం మానుకున్నాననుకున్నావని పక్కింటావిడ టార్టు అనే దాకా నాకు తట్టలేదు.

జెల్మా నీకు ఫోను చేస్తానంది. వద్దన్నాను. బయల్దేరేటప్పుడు చేతులు దులిపి, రెండు అరచేతులూ నా వైపు తిప్పి చూపించింది. నేనూ చూపించాను. తక్కినవాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం.

నీ బన్నులు రెండు సంచిలో వేసుకున్నాను. ఓడలో తింటాను.

నీ అన్నయ్య


రీగా,
మార్చి 3

అన్నయ్యకి,

తలుపు తీయగానే నీ ఉత్తరం చెప్పు కింద పడింది. దానిమీద నా పాదం గుర్తు ఇంకా ఉంది. క్షమించమని అడిగితే నువ్వు ఏదో జోకేస్తావు, అందుకని అడగను. టార్టులో నేను వాక్యాల్లో అర్థభేదాల గురించి గంటసేపు మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాను. అదే గంటలో నువ్వు నా తలుపు కొడుతున్నావు.

జెల్మా వచ్చి అంతా చెప్పింది. ఏడవలేదు, గట్టి పిల్ల. "మీ మాట వాడితే ఆటగాళ్ళు తిరిగొస్తారు టీచర్. వేరే బల్లల వాళ్ళు మర్యాదగా, పుస్తకంలా మాట్లాడతారు. నా బల్ల దగ్గరికి మాత్రం వచ్చి, ఎవర్నే గొర్రెపిల్లంటున్నావని రాస్తారు, నవ్వుతారు, కూర్చుంటారు" అంది. గర్వంగానే చెప్పింది.

నువ్వు ఆ మాట విని ఆగానన్నావు. సరే. మరి జనవరి నుంచి ఏప్రిల్ దాకా? ఆ మాట విననట్టుగానే ఆడావా? ఈసారి నన్ను తప్పించుకోవద్దు. నా మాట నిన్ను లేపిందా, కూర్చోబెట్టిందా?

హెడ్విగ్


ఫోరోసుంద్ రేవు,
మార్చి 20

చెల్లీ,

గొర్రెపిల్లా అని దగ్గరికి పిలిచేది ఉన్ని కత్తిరించడానికేగా. మన ఊళ్ళో పుట్టి అదీ తెలియదా నీకు?

జోకు అయింది. ఇక నిజం.

కూర్చోబెట్టింది. అమ్మ పోయిన మొదటి శీతాకాలం అది. వేరే బల్లలు వదిలేసి ఆ పిల్ల ఎప్పుడు వస్తుందా అని చూసేవాణ్ణి. ముక్క తీసుకుంటే మళ్ళీ అడుగుతుంది కదా. అందుకని ఆగాల్సిన చోట కూడా ఇంకొకటి తీసుకున్నాను. గెలవడానికి ఆడిన రోజులు వేరు, అవి అంతకుముందే అయిపోయాయి. మీ వదినకి ఇదంతా ఈమధ్యే చెప్పాను. బంగాళాదుంపలు తొక్కతీస్తూ విని, "ఆ మాటే కావాలంటే నన్నడిగితే పోయేదిగా, పొట్టేలూ" అంది.

మరి అదే మాట ఏప్రిల్లో ఎందుకు లేపిందంటే నాకు తెలియదు. అంతకుముందు విన్నప్పుడల్లా అమ్మ బతికున్నట్టుండేది. ఆ రోజు మాత్రం అమ్మ నన్ను చూస్తున్నట్టుంది. ఇంతకన్నా బాగా చెప్పలేను. నువ్వు కెలికి వాక్యనిర్మాణం చూడకు.

అమ్మ పదహారు సంగతి మాత్రం తేల్చాను. పంచేవాళ్ళకి ఆలోచన ఉండదు. పదహారు దాకా తీయాల్సిందే, పదిహేడు నుంచి ఆగాల్సిందే. నేనెప్పుడూ అమ్మకి ఎదురుగా కూర్చున్నాను, నాకు అమ్మ పంచింది, అందుకే తీసేది. నువ్వు అమ్మ పక్కన కూర్చునేదానివి. నాన్న పంచిన రోజుల్లో అమ్మ ఆగి ఉంటుంది. ఇద్దరివీ నిజాలే. ఇక దిగులు వదిలెయ్.

ఏప్రిల్ పద్నాలుగుకి నా నిషేధానికి ఏడాది నిండుతుంది. ఆ రోజు నుంచి కావాలంటే పేరు తీయించుకోవచ్చు. ఇక్కడ అందరూ ఆ రోజు నన్నెలా కాపలా కాయాలా అని చూస్తున్నారు. అక్కర్లేదు. పేరు తీయించాలంటేనే ఏదైనా నొక్కాలి. ఉంచాలంటే ఏమీ నొక్కనక్కర్లేదు. ఏమీ నొక్కకుండా ఉండడం నాకు ఒకసారి చేతనైంది. మళ్ళీ చేస్తాను, మర్నాడూ చేస్తాను. ఆ రోజు సెలవు పెట్టమంది మీ వదిన. పెట్టను. బల్లకట్టు నడుపుతాను, ఖాళీలో కూర్చుంటాను. ఆ ఖాళీలోనే గెలవాలి, పండుగ చేసుకుని కాదు.

కార్లొచ్చాయి.

రూనె


రీగా,
ఏప్రిల్ 22

అన్నయ్యకి,

పద్నాలుగో తారీకు ముద్రతో నీ కార్డు అందింది. "ఆగాను. ఈసారి ఆట గురించే, టార్టుకి పోకు." చదివి మెట్లమీదే కూర్చున్నాను. పక్కింటావిడ నీళ్ళు తెచ్చిచ్చింది.

నిన్ను నమ్ముతున్నాను. ఇది రాయడానికి ఇంతకాలం పట్టింది. అయినా నా బుద్ధి నీకు తెలుసు. జెల్మా నెట్ పోయిందనుకున్న ఆ క్షణం మీద నా మనసు వాలుతూనే ఉంటుంది. నీ వేలు ఆగిందా, ఆలస్యమైందా? ఆలస్యాన్ని తర్వాత నువ్వు నిర్ణయంగా మార్చుకున్నావా? మార్చుకుంటే మాత్రం అది చిన్న పనా?

అమ్మ గురించి నువ్వు తేల్చింది చక్కగా ఉంది. అంత చక్కగా ఉండడమే నాకు అనుమానం. నాన్న ముక్కలు పంచడం నాకు ఒక్కసారి కూడా గుర్తులేదు. నీకు గుర్తుందా, లేక నా దిగులు తీర్చడానికి ఆయన చేతికి పేక ఇచ్చావా? జవాబు రాయక్కర్లేదు.

సోమవారం కొత్త క్లాసు మొదలవుతుంది. పాఠం కాగితాలు అచ్చుకి పంపాలి. జెల్మా నిన్న అడిగింది, "ఆ మాట నా బల్లమీద మానేయమంటారా టీచర్?" నిన్ను ఒక చలికాలమంతా కట్టేసిన మాట అది. నిన్ను విడిపించిందీ అదే. దాన్ని కొట్టేస్తే ఎవరో ఒకరు అంత తేలిగ్గా కూర్చోరు. ఎవరో ఒకరు, లేచి పోవాల్సిన రోజున, దాన్ని వినరు. ఇవి కాక ఇంకొకటి కూడా ఉంది, దాచను: కొట్టేస్తే ఈ ఊళ్ళో అమ్మలా మాట్లాడేవాళ్ళు ఉండరు.

ఎర్ర పెన్ను మూత తీసి పెట్టుకుని కూర్చున్నాను. నేనేమీ చేయకపోతే ఆ వాక్యం అలాగే అచ్చవుతుంది. ఏమీ చేయకపోవడం నీకు గెలుపు అయింది. నాకది ఏమవుతుందో తెలియడం లేదు అన్నయ్యా. ఉంచాలో, తీసేయాలో, నాకింకా తెలియడం లేదు.

నీ
హెడ్విగ్